హాట్ రాడ్ ట్రక్కు హుడ్డుకు లూవర్లు కొట్టించాలా? రేకు చీల్చే ముందు చూసుకోవాల్సినవి

లూవర్ ప్రెస్సు ఒక్కసారి కిందికి దిగిందంటే ఆ రేకు మళ్లీ పాత రేకు కాదు. రంగు నచ్చకపోతే గీకించి వేరే రంగు వేయించుకోవచ్చు. చక్రాలు నచ్చకపోతే అమ్మేసుకోవచ్చు. హుడ్డులో కొట్టించిన నలభై చీలికలను పూడ్చాలంటే మాత్రం ఆ భాగమంతా కోసేసి కొత్త రేకు వెల్డింగ్ చేయాలి, వెల్డింగ్ వేడికి వంకరపోయిన చోటల్లా సాపు చేయాలి, ఆపైన లప్పం, ఆపైన మళ్లీ పెయింటు. లూవర్లు కొట్టించిన ఖర్చు కంటే తీయించే ఖర్చు ఎన్నో రెట్లు. అందుకే నిర్ణయానికి ముందు చేయాల్సిన పనుల గురించే ఇక్కడ ఎక్కువగా రాస్తున్నాను. కొట్టడం ప్రెస్సు ఉన్నవాడి పని. కొట్టించాలా వద్దా అన్నది మన పని.

హాట్ రాడ్ అంటే వేగం కోసమో అందం కోసమో మార్పులు చేసిన పాత బండి. మన ఊళ్లలో బానెట్ అనేదాన్నే అమెరికాలో హుడ్డు అంటారు. లూవర్ అంటే, రేకును ఒక అంచున చీల్చి, ఆ అంచును పైకి ఉబ్బించి, మిగతా మూడు వైపులా రేకుకు అతుక్కునే ఉండేలా నొక్కిన గాలి దారి. చేప మొప్పలు ఎలా ఉంటాయో అలాగే, వరసగా. లోపలి వేడి గాలి బయటికి పోవడానికి పెట్టారు కానీ, చాలా బండ్ల మీద ఇప్పుడది నగలాంటిది.

నా బండి 1954 నాటి ఫోర్డ్ ఎఫ్-100. లోపల దాని సొంత ఇంజిన్ లేదు. నేను కొనేనాటికే ఎవరో ఫోర్డ్ 302 వీ8 (302 ఘనపుటంగుళాల, ఎనిమిది సిలిండర్ల ఇంజిన్) పెట్టారు, కార్బురేటర్‌తో. ఉండేది డాలస్ దగ్గర. వేసవిలో వంద డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే మన లెక్కలో 38 డిగ్రీలు, ఇక్కడ మామూలే. విజయవాడ ఎండలు చూసినవాడికి అదేం లెక్క అనుకున్నాను కానీ, డెబ్బై ఏళ్ల ట్రక్కుకు అది లెక్కే. రెండేళ్ల పాటు లూవర్లు కొట్టిద్దామా వద్దా అని ఊగిసలాడాక తెలుసుకున్నవే ఇవన్నీ.

అసలు ఈ అలవాటు ఎక్కడిది

క్లుప్తంగా చెప్తాను, ఎందుకంటే నిర్ణయానికి ఇది పనికొస్తుంది. దక్షిణ కాలిఫోర్నియాలో మ్యూరాక్, ఎల్ మిరాజ్ లాంటి ఎండిపోయిన సరస్సు మైదానాల్లో కుర్రాళ్లు పాత ఫోర్డులను విప్పి, తేలిక చేసి, వేగం కోసం పరుగెత్తించేవారు. 1937లో అక్కడి కొన్ని క్లబ్బులు కలిసి సదరన్ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్‌ను పెట్టుకున్నాయి. 1949 నుంచి యూటాలోని బానవిల్ ఉప్పు మైదానంలో స్పీడ్ వీక్ మొదలైంది. వాళ్లలో చాలామంది వాడింది 1932లో వచ్చిన ఫోర్డ్ ఫ్లాట్‌హెడ్ వీ8. ఆ ఇంజిన్‌లో పొగ దారులు సిలిండర్ బ్లాకు లోపలి నుంచే, నీళ్ల గదుల పక్క నుంచే బయటికి వస్తాయి. అంటే పొగ వేడి కూడా రేడియేటరే మోయాలి. తొందరగా వేడెక్కుతుందని దానికి పేరు. వాళ్లు హుడ్డుకే కాదు, వెనక డిక్కీ మూతకు కూడా లూవర్లు కొట్టేవారు. వేడి ఒక కారణం, లోపల చిక్కుకున్న గాలి బండిని పైకి లేపకుండా, వెనక్కి లాగకుండా చూసుకోవడం రెండో కారణం.

గంటకు వంద మైళ్లు దాటిన వేగంతో, మైదానంలో, కొన్ని నిమిషాలు నడిచే బండి అది. మన బండి శనివారం పొద్దున కార్ల మీట్‌కు వెళ్లి, దారిలో ఆరు సిగ్నళ్ల దగ్గర ఆగి, ఐస్‌క్రీమ్ కొట్టు ముందు పది నిమిషాలు ఐడిల్‌లో నిలబడే బండి. ఆ లూవర్లు అక్కడ చేసిన పని ఇక్కడ చేస్తాయా అన్నదే ప్రశ్న.

మొదటి అడుగు: ఎందుకు కావాలో ఒక్క వాక్యంలో రాసుకోండి

నిజంగానే కాగితం మీద రాయండి. నా అనుభవంలో జవాబు ఈ మూడింటిలో ఒకటవుతుంది: ఇంజిన్ వేడెక్కుతోంది, ఇంజిన్ ఆపాక పది నిమిషాలకు మళ్లీ స్టార్ట్ కావడం లేదు, చూడ్డానికి బాగుంటాయి.

మూడోదే అయితే సిగ్గుపడాల్సిన పని లేదు. ఆ మాటకొస్తే ఈ బండ్లన్నీ అందం కోసమే, ఆఫీసుకు వెళ్లడానికి ఎవరూ కొనరు. అలాంటివారు నేరుగా ఐదో అడుగుకు వెళ్లిపోవచ్చు. అందం కోసం కొట్టిస్తూ, ఇంట్లో ఖర్చుకు సమాధానం చెప్పుకోలేక కూలింగ్ కోసమని చెప్పుకోవడం మాత్రం వద్దు. రేపు లూవర్లు కొట్టించాక కూడా ఉష్ణోగ్రత మీటరు ముల్లు పైకే పోతుంటే ఆ టెన్షన్ వేరు.

మొదటి జవాబు రాసినవాళ్లు ఇంకో ప్రశ్న వేసుకోవాలి: నిజంగా వేడెక్కుతోందా? సగం నీళ్లు, సగం కూలెంట్ ఉన్న మిశ్రమం మామూలు ఒత్తిడిలో దాదాపు 223 డిగ్రీల ఫారెన్‌హీట్ (106 సెల్సియస్) దగ్గర మరుగుతుంది. రేడియేటర్ మూత పట్టి ఉంచే ప్రతి పౌండు ఒత్తిడికీ మరిగే స్థాయి సుమారు 3 డిగ్రీల ఫారెన్‌హీట్ పైకి జరుగుతుంది. 15 పౌండ్ల మూత సరిగ్గా పనిచేస్తుంటే 260 దాటేవరకు మరగదు. కాబట్టి ఎండాకాలం ట్రాఫిక్‌లో 205, 210 కనిపిస్తే అది జబ్బు కాదు. పైగా పాత బండ్ల మీటర్లను నమ్మడానికి లేదు. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ కొనండి. థర్మోస్టాట్ గూడు మీద నల్ల టేపు ముక్క అంటించి, ఆ టేపు మీదికి గురి పెట్టండి. మెరిసే అల్యూమినియం మీదికి నేరుగా పెడితే అది తక్కువ చూపిస్తుంది. నా మీటరు 12 డిగ్రీలు ఎక్కువ చూపిస్తోందని అలా తెలిసింది. నా మొదటి ఏడాది భయమంతా ఆ పన్నెండు డిగ్రీలదే.

రెండో అడుగు: ఏ సమయంలో వేడెక్కుతోంది

డాక్టరు జ్వరం ఎప్పుడు వస్తోందని అడిగినట్టే ఇది.

ఆగి ఉన్నప్పుడు, నెమ్మదిగా నడిచేటప్పుడు ముల్లు పైకి పోయి, 35 మైళ్ల వేగం అందుకోగానే దిగిపోతుంటే, తప్పు ఫ్యాన్‌ది. రేడియేటర్ గుండా గాలి లాగే పని ఆ వేగాల్లో ఫ్యాన్ ఒక్కటే చేస్తుంది. లూవర్లు గాలిని లాగవు, దారి ఇస్తాయంతే.

నెమ్మదిగా ఉన్నప్పుడు బాగానే ఉండి, హైవే మీద మెల్లగా పైకి ఎక్కుతుంటే కారణాలు చాలా ఉండవచ్చు. రేడియేటర్ లోపల తుప్పు పేరుకోవడం, చిన్న రేడియేటర్, నీళ్ల పంపు, ఇంజిన్ వేగం పెరిగినప్పుడు రేడియేటర్ కింది గొట్టం లోపలికి పీల్చుకుపోయి నొక్కుకోవడం, ఇగ్నిషన్ టైమింగ్ (స్పార్కు పడే సమయం) వెనకబడటం, కార్బురేటర్ పెట్రోలు తక్కువగా ఇవ్వడం. ఇవన్నీ బాగున్నాక మిగిలేది ఒకటి: ముందు నుంచి వచ్చిన గాలి ఇంజిన్ గది లోంచి బయటికి పోలేకపోవడం. నడుస్తూ వేడెక్కే బండికి లూవర్లు మందుగా పనిచేసే జబ్బు ఇదొక్కటే.

ఆపాక మళ్లీ స్టార్ట్ కాకపోతే అది ఇంకో కథ. ఇంజిన్ ఆపగానే ఫ్యాన్, నీళ్ల పంపు ఆగిపోతాయి, కానీ ఇనుప బ్లాకులో వేడి ఎక్కడికీ పోదు. మూసి ఉన్న హుడ్డు కింద పది పదిహేను నిమిషాల పాటు వేడి పెరుగుతూనే ఉంటుంది. కార్బురేటర్ గిన్నెలో పెట్రోలు పొంగి మానిఫోల్డులోకి (సిలిండర్లకు గాలి, పెట్రోలు తీసుకెళ్లే దారిలోకి) కారిపోతుంది. ఇక్కడ అమ్మే పెట్రోలులో మామూలుగా పది శాతం వరకు ఇథనాల్ ఉంటుంది కాబట్టి ఇది ఇంకా తొందరగా జరుగుతుంది. ఇక్కడ లూవర్లు నిజంగా సాయపడతాయి, ఎందుకంటే వేడి గాలి పైకి పోతుంది, పైన దారి ఉంటే బయటపడుతుంది. వీధి బండికి లూవర్ల వల్ల రోజూ దక్కే లాభం ఇదేనని నా అభిప్రాయం. షోలో పార్కు చేసిన లూవర్ల హుడ్డు పైన చెయ్యి పెట్టి చూడండి, వేడి ఆవిరిలా తగులుతుంది.

మూడో అడుగు: చవకైన పనులన్నీ ముందు

ఫ్యాన్ ష్రౌడ్ ఉందా? అంటే ఫ్యాన్ చుట్టూ, రేడియేటర్ మొత్తాన్ని కప్పుతూ ఉండే గూడు. అది లేకపోతే ఫ్యాన్ తన ముందున్న గుండ్రటి భాగంలోంచే గాలి లాగుతుంది, నాలుగు మూలలూ వృథా. ష్రౌడ్ ఉన్నా ఫ్యాన్ రెక్కలు సుమారు సగం లోపల, సగం బయట ఉండేలా చూసుకోవాలి. రేడియేటర్‌కు, దాని చుట్టూ ఉన్న రేకుకు మధ్య సందులు ఉంటే గాలి సులువైన దారి చూసుకుని పక్కల నుంచి జారుకుంటుంది. నురగ పట్టీలతో ఆ సందులు మూయడానికి ఒక సాయంత్రం చాలు.

నా బండికి ష్రౌడ్ లేదు. ఇంజిన్ మార్చినవాళ్లకు అది పట్టలేదు కాబోలు, తీసేసి ఉంటారు. రేకుతో ఒకటి చేయించి పెట్టిన వారం సిగ్నళ్ల దగ్గర ముల్లు కదలడం మానేసింది. లూవర్ల కోసం దాచిన డబ్బులో పదో వంతు కూడా కాలేదు.

టైమింగ్ చూడండి, వాక్యూమ్ అడ్వాన్స్ గొట్టం (ఇంజిన్ పీల్పును బట్టి టైమింగ్‌ను ముందుకు జరిపేది) అసలు తగిలించి ఉందో లేదో చూడండి. రీస్టార్ట్ బాధకు కార్బురేటర్ కింద వేడి ఎక్కనివ్వని ఫినాలిక్ స్పేసర్ ఒకటి పెట్టండి, పెట్రోలు గొట్టాన్ని హెడర్లకు, అంటే ఇంజిన్ నుంచి పొగ మోసే గొట్టాలకు, దూరంగా జరపండి. వీటన్నిటికీ కలిపి ఒక శనివారం పడుతుంది.

ఒక పని మాత్రం చేయకండి. హుడ్డు వెనక అంచును హింజెల దగ్గర వాషర్లు పెట్టి పైకి లేపితే వేడి పోతుందని చాలామంది చెప్తారు. ఆగి ఉన్నప్పుడు కొంత పోతుంది. వేగంలో మాత్రం అద్దం మొదట్లో గాలి గుద్దుకుని ఒత్తిడి పెరుగుతుంది, అక్కడి నుంచి గాలి లోపలికే వస్తుంది. 1969 షెవర్లే కమారో కౌల్ ఇండక్షన్ హుడ్డు (కౌల్ అంటే అద్దం మొదట్లో ఉండే రేకు) కార్బురేటర్‌కు గాలి తెచ్చుకున్నది సరిగ్గా ఆ చోటు నుంచే. గాలి లోపలికి వచ్చే చోట దాన్ని బయటికి పొమ్మనడం కుదరదు. వెనక లూవర్ల విషయంలో కూడా ఈ మాట గుర్తుంచుకోవాలి.

నాలుగో అడుగు: హుడ్డు తీసేసి నడపండి

అన్నిటికంటే తెలివైన పరీక్ష ఇదే, ఖర్చు సున్నా. లూవర్లు వేడి గాలికి దారి ఇస్తాయి. అసలు హుడ్డే లేకపోతే అంతకంటే పెద్ద దారి ఉండదు. కాబట్టి హుడ్డు లేకుండా నడిపినా ఉష్ణోగ్రత తగ్గకపోతే, లూవర్లతో తగ్గుతుందని ఆశపడటానికి పెద్దగా ఆధారం ఉండదు.

ఒక రోజు హుడ్డుతో, ఇంకో రోజు హుడ్డు లేకుండా, ఒకే దారిలో, దాదాపు ఒకే ఎండలో, ఒకే వేగంతో నడపండి. పదిహేను నిమిషాలు హైవే, పది నిమిషాలు ఐడిల్, ఆపాక పావుగంట ఆగి రీస్టార్ట్. ప్రతి దగ్గరా అంకెలు రాసుకోండి. పక్కన కూర్చునేవారు ఉంటే మంచిది, నడుపుతూ రాయడం కుదరదు.

జాగ్రత్తలు రెండు. పాత ఫోర్డు హుడ్డు బరువైనది, హింజె స్ప్రింగులు చాలా బలంగా ఉంటాయి. ఒక్కరే తీయకండి, అంచులకు పాత దుప్పట్లు కట్టుకోండి, లేకపోతే కౌల్ మీద గీత ఖాయం. రెండోది, హుడ్డు తీయడం బద్ధకమై, మొదటి కొక్కెం మీద సగం తెరిచి నడిపి చూద్దామనుకోకండి. ఈ హుడ్డులు ముందు నుంచి తెరుచుకుంటాయి. ఆ ఒక్క కొక్కెం జారితే గాలికి లేచి వచ్చి అద్దం మీద పడుతుంది.

నా లెక్కలు చెప్తాను. ష్రౌడ్ పెట్టాక, హుడ్డు తీసి హైవే మీద నడిపితే తేడా 3 డిగ్రీలు. అంటే లేనట్టే. కానీ రీస్టార్ట్ దగ్గర తేడా స్పష్టంగా ఉంది. హుడ్డు ఉంటే పావుగంట తర్వాత సెల్ఫ్ కొడుతూ, యాక్సిలరేటర్ తొక్కుతూ కుస్తీ. హుడ్డు లేకపోతే మొదటి తాళానికే స్టార్ట్. రెండేళ్ల అనుమానం ఒక ఆదివారంతో తేలిపోయింది, ముందే చేసి ఉండాల్సింది.

మీకు హైవే మీద కూడా పెద్ద తేడా కనిపిస్తే, అప్పుడు గాలి నిజంగా చిక్కుకుంటోందన్నమాట. పెద్ద ఇంజిన్‌ను ఇరికించి, హెడర్లు పెట్టి, బండిని బాగా కిందికి దించిన ట్రక్కుల్లో ఇలా జరుగుతుంది. మామూలు ఎత్తులో ఉన్న పాత ట్రక్కు ఇంజిన్ గది కింది వైపు దాదాపు ఖాళీగానే ఉంటుంది. గాలికి అదే పెద్ద దారి.

ఇంకో చిన్న లెక్క. నాలుగంగుళాల వెడల్పు, అరంగుళం ఎత్తు ఉన్న లూవర్ నోరు, అంచుల గుండ్రదనం తీసేస్తే, సుమారు ఒకటిన్నర చదరపు అంగుళాలు. నలభై లూవర్లు కొడితే 60 చదరపు అంగుళాలు. ఇరవై అంగుళాల చదరపు రేడియేటర్ 400 చదరపు అంగుళాలు. అందులో ఆరో వంతు కూడా కాదు. లూవర్లు పెద్ద తలుపు కాదు, వెంటిలేటర్ లాంటివి.

ఐదో అడుగు: ఎక్కడ కొట్టాలి

అందం కోసమైనా ఇది తెలియాలి, ఎందుకంటే తప్పు చోట కొట్టినవి వాన నీళ్లను, దుమ్మును లోపలికి పిలుస్తాయి.

బండి కదులుతుంటే హుడ్డు ముందు భాగం మీద గాలి వంపు తిరిగి వేగం పుంజుకుంటుంది, అక్కడ ఒత్తిడి తగ్గుతుంది. రేడియేటర్ వెనక లోపలేమో ఒత్తిడి ఎక్కువ. ఈ రెండింటి తేడాయే గాలిని బయటికి తోస్తుంది. కాబట్టి పని కోసమైతే లూవర్లు రేడియేటర్ వెనక నుంచి హుడ్డు మధ్య వరకు ఉండాలి. వెనక మూడో వంతులో, అద్దానికి దగ్గర్లో కొట్టినవి వేగంలో పెద్దగా ఉపయోగపడవు. నోళ్లు ఎప్పుడూ అద్దం వైపుకే ఉండాలి. ముందుకు తిప్పితే అవి గాలిని, వానను మింగుతాయి.

మీ హుడ్డు మీద ఇది ఎలా ఉందో చూడటానికి ఊలు దారం ముక్కలు చాలు. నాలుగంగుళాల ముక్కలు వరసలుగా టేపుతో అంటించి, పక్క లేన్‌లో స్నేహితుడి కారులోంచి వీడియో తీయించండి. దారాలు సాపుగా వెనక్కి పడుకున్న చోట గాలి సవ్యంగా ఉంది. గిరగిరా తిరిగే చోట లూవర్ దండగ.

ఇంకొంచెం ఓపిక ఉంటే సన్నటి ప్లాస్టిక్ గొట్టాన్ని యు ఆకారంలో చెక్కకు బిగించి, రంగు నీళ్లు పోయండి. ఒక కొన ఇంజిన్ గదిలో, రెండో కొన హుడ్డు పైన లూవర్ రావాల్సిన చోట అంటించండి. పక్కన కూర్చున్నవారు నీళ్ల మట్టం చూస్తారు. పైకి పెట్టిన కొన వైపు నీళ్లు లేస్తే, లోపలి ఒత్తిడి ఎక్కువన్నమాట. అక్కడ లూవర్ పనిచేస్తుంది. ఎంత లేవాలి అంటే, పెద్ద అంకెలు ఆశించకండి. గంటకు 60 మైళ్ల వేగంలో ఎదురుగాలి పూర్తి ఒత్తిడే 1.7 అంగుళాల నీటి మట్టం. 30 మైళ్లకు అది నాలుగో వంతుకు పడిపోతుంది, అంటే అరంగుళం కూడా లేదు. ఊరి వేగాల్లో ఏరోడైనమిక్స్ గురించి గొప్పలు చెప్పేవాళ్లకు ఈ గొట్టం చూపించండి.

ఇప్పుడు కిందికి చూడండి. లూవర్ల కింద ఏముంది? ఫోర్డ్ 302 ఇంజిన్‌కు డిస్ట్రిబ్యూటర్ (స్పార్కు ప్లగ్గులకు కరెంటు పంచేది) ముందు భాగంలో ఉంటుంది. గాలి పరంగా మంచి చోటు అనుకున్నది సరిగ్గా దాని నెత్తి మీదే. షెవర్లే స్మాల్ బ్లాక్‌కు డిస్ట్రిబ్యూటర్ వెనక గోడ దగ్గర ఉంటుంది కాబట్టి ఆ ఇంజిన్ ఉన్నవాళ్లకు ముందు లూవర్లతో ఈ బాధ లేదు. డిస్ట్రిబ్యూటర్ మూత తడిస్తే ఇంజిన్ తుమ్ముతుంది, లేదా అసలు స్టార్టే కాదు. తప్పనిసరిగా అక్కడే కావాలంటే కింద పల్చటి రేకు ట్రే ఒకటి వేలాడదీసి, నీళ్లు పక్కకు పోయేలా చేయాలి. ట్రేకు, హుడ్డుకు మధ్య గాలి పోయేంత సందు ఉంచాలి, లేకపోతే లూవర్లు కొట్టించి మళ్లీ మూసినట్టే.

ఆరో అడుగు: హుడ్డు రేకు దీనికి తగినదేనా

అయస్కాంతం తీసుకోండి, పల్చటి గుడ్డ చుట్టి హుడ్డంతా తిప్పండి. ఎక్కడ పట్టు సడలితే అక్కడ లప్పం ఉంది. లప్పం ఉన్న రేకు మీద ప్రెస్సు దిగితే అది పెచ్చులుగా ఊడుతుంది, అచ్చుకు కూడా దెబ్బ. బాధ్యత తెలిసిన ఏ షాపువాడైనా ఒట్టి రేకు కనిపించేలా గీకి తెమ్మంటాడు. పాత వెల్డింగ్ అతుకులు, తుప్పుకు పల్చబడిన చోట్లు కూడా కుదరవు, చీలిక అదుపు తప్పి పాకుతుంది. ఫైబర్‌గ్లాస్ హుడ్డు అయితే ప్రెస్సు మాటే లేదు. విడిగా అచ్చుపోసిన లూవర్ పలకలను కోత పెట్టి అతికించుకోవాలి.

హుడ్డు అడుగున బలానికి పట్టీలు ఉంటాయి. వాటి మీదుగా కొట్టలేరు. తీసేస్తే హుడ్డు గాలికి ఊగుతుంది. కాబట్టి లూవర్ల పటం గీసేముందు హుడ్డును తిరగేసి, పట్టీలు ఎక్కడున్నాయో కొలిచి, ఆ కొలతలు పైన సుద్దతో గీయండి.

నా సలహా ఒక్కటే: మీ అసలు హుడ్డు మంచి స్థితిలో ఉంటే దాన్ని ముట్టుకోకండి. 1953 నుంచి 1956 వరకు వచ్చిన ఎఫ్-100లకు, ఆ కాలపు షెవర్లే ట్రక్కులకు కొత్తగా చేసిన ఉక్కు హుడ్డులు దొరుకుతాయి, గీతలు సొట్టలు పడ్డ పాతవి కూడా దొరుకుతాయి. రెండోదానికి కొట్టించండి. ఖర్చు పెరుగుతుంది, నిజమే. కానీ రేపు బండి అమ్మేటప్పుడు లూవర్లు నచ్చనివాడికి పాత హుడ్డు ఇవ్వవచ్చు. కొత్త హుడ్డు అయితే లూవర్లు కొట్టించకముందే ఒకసారి బండికి బిగించి సందులు సరిచూసుకోండి, అవి మొదటిసారే అచ్చంగా అమరడం అరుదు.

ఏడో అడుగు: కాగితం లూవర్లతో వారం రోజులు

నల్ల కాగితంతో లూవర్ కొలతకు ముక్కలు కత్తిరించి, పెయింటు టేపుతో హుడ్డు మీద అంటించండి. షాపుల్లో మామూలుగా మూడు, మూడున్నర, నాలుగు అంగుళాల అచ్చులు ఉంటాయి, వాళ్ల దగ్గర ఉన్న కొలతే అడిగి కత్తిరించండి. వరసలో ఒకదానికీ ఇంకోదానికీ మధ్య అంగుళం, అంగుళం పావు దూరం చూడ్డానికి బాగుంటుంది.

అసలు తిప్పలు ఇక్కడే. ఎఫ్-100 హుడ్డు ముందు సన్నగా, వెనక వెడల్పుగా ఉంటుంది, పైగా గుమ్మటంలా ఉబ్బి ఉంటుంది. వరసలు మధ్య గీతకు సమాంతరంగా పోవాలా, పక్క అంచులను అనుసరిస్తూ విచ్చుకోవాలా? కాగితం మీద రెండూ బాగుంటాయి. బండి మీద అంటించి ముప్పై అడుగుల దూరం నుంచి చూస్తే ఒకటి వంకరగా కనిపిస్తుంది. నా కంటికి అంచును అనుసరించినవే బాగున్నాయి. నలభై ఎనిమిది ముక్కలతో మొదలుపెట్టి, రోజూ పొద్దున కాఫీ కప్పుతో బయటికి వచ్చి చూసి కొన్ని పీకేసేవాడిని. వారం తిరిగేసరికి ఇరవై నాలుగు మిగిలాయి. మా ఆవిడ మూడో రోజే ఆ అంకె చెప్పింది, నేనే వినలేదు.

వారం తర్వాత ముక్కలన్నీ పీకేసి, ఖాళీ హుడ్డును చూడండి. హమ్మయ్య అనిపిస్తే ఇక కొట్టించకండి.

ఎనిమిదో అడుగు: షాపువాడిని అడగాల్సినవి

ప్రెస్సు గొంతు లోతు ఎంత? హుడ్డు అంచు నుంచి ఎంత లోపలికి అచ్చు చేరగలదో అది చెబుతుంది. హుడ్డు నడిమధ్యకు చేరలేని ప్రెస్సులు ఉంటాయి. ధర లూవర్‌కు ఇంత అని చెప్తారు, పట్టీలు విప్పే పని, గీకే పని అందులో ఉన్నాయా అని విడిగా అడగండి. మీ పటం మీద సంతకం పెట్టి ఒక కాపీ వాళ్లకు ఇవ్వండి.

ముఖ్యంగా, ఇలా ఉబ్బిన హుడ్డుకు ముందు కొట్టినవి చూపించమనండి. ఒక్కో లూవర్ కొట్టినప్పుడల్లా రేకు కొద్దిగా సాగుతుంది. నలభై సాగుళ్లు కలిస్తే హుడ్డు వంపు మారిపోయి ఫెండర్ల దగ్గర సందుల కొలత చెడిపోతుంది. అనుభవం ఉన్నవాడు వరసలను ఒక మూల నుంచి కాకుండా అటూ ఇటూ మారుస్తూ కొడతాడు, మధ్యమధ్యలో సాపు చేస్తాడు. ఏ వరస ముందు కొడతారని అడిగితే వెంటనే జవాబు రాకపోతే నేనైతే హుడ్డు వెనక్కి తెచ్చుకుంటాను. ఒట్టి చదును రేకు ముక్క ఇచ్చి రెండు కొట్టి చూపించమనడం తప్పేమీ కాదు. అంచు చిరిగినట్టు గరుగ్గా ఉంటే అచ్చు మొద్దుబారిందని అర్థం.

కొట్టించాక

చీల్చిన అంచులు ఒట్టి ఉక్కు. వేలు తెగుతుంది, తుప్పు కూడా అక్కడే మొదలవుతుంది. గరుకు తీసి, ప్రైమర్ రెండు వైపుల నుంచీ, ప్రతి నోటి లోపలికీ వెళ్లేలా కొట్టించాలి. పెయింటరుకు ఇది రెట్టింపు పని, ముందే మాట్లాడుకోండి. ఉతకడం, తుడవడం కూడా ఇక మునుపటిలా ఉండదు. పాలిష్ నోళ్లలో చిక్కుకుని తెల్లగా ఎండిపోతుంది, గుడ్డ అంచులకు తగులుకుంటుంది. మెత్తటి పెయింటు బ్రష్షు ఒకటి దీనికే కేటాయించుకోండి. బయట పార్కు చేసేవాళ్లు కవరు లేకుండా ఉండలేరు.

చివరికి నేను పాత సొట్టల హుడ్డు ఒకటి కొని, సాపు చేయించి, రెండు వరసల్లో పన్నెండు చొప్పున ఇరవై నాలుగు కొట్టించాను, అన్నీ ముందు సగంలో. హైవే మీద ముల్లు ఎక్కడుండేదో అక్కడే ఉంది. రీస్టార్ట్ బాధ చాలావరకు పోయింది. అసలు హుడ్డు దుప్పటి చుట్టుకుని గరాజ్ గోడకు వేలాడుతోంది. డిస్ట్రిబ్యూటర్ పైన ట్రే నేనే చేసి, నీళ్లు పోవడానికి పక్కన రబ్బరు గొట్టం పెట్టాను. మొదటి వానకు డిస్ట్రిబ్యూటర్ పొడిగానే ఉంది. గొట్టం కొన మాత్రం సరిగ్గా ఆల్టర్నేటర్ మీద ఉంది. ఇంకో ఆరంగుళాలు పొడిగించాను.